ఒరుగుల అన్నం – జపాను పద్ధతి

(సభల రెండో రోజు చేసిన ప్రసంగానికి పాఠం)



నాకన్నా ముందు మాట్లాడినవాళ్ళు గోంగూర, ఉలవచారు, బొబ్బట్ల గురించి చెప్పి మీ అందరికీ నోరూరించి వెళ్ళారు. భోజనాలకు ఇంకా అరగంట ఉంది. ఈ అరగంటా మీకు జపాను అన్నం గురించి చెప్పమని నిర్వాహకులు నన్ను నిలబెట్టారు. ఆకలి మీదున్నవాళ్ళ ముందు పేరు తెలియని వంట గురించి మాట్లాడటం సాహసమే. కాస్త ఓపిక పట్టండి.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ వాణ్ణి. ఇంజనీరింగ్ చదివి, 2004లో ఒక ప్రాజెక్టు మీద టోక్యో వెళ్ళాను. అక్కడ తొమ్మిదేళ్ళు ఉండి, 2013లో అమెరికా వచ్చాను. టోక్యోలో మన వాళ్ళెక్కువగా ఉండే పేట నిషికసాయి. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తప్పు తేదీ చూపిస్తాయని ప్రపంచం భయపడిన రోజుల్లో, వాటిని బాగుచెయ్యడానికి వెళ్ళిన భారతీయులు స్థిరపడ్డ చోటు అది. మేమూ అక్కడే ఉండేవాళ్ళం.

ఇక విషయానికొస్తాను. దాని పేరు తకికొమి గోహన్. 'గోహన్' అంటే అన్నం; మనలాగే వాళ్ళకూ అన్నమన్నా భోజనమన్నా ఒకటే మాట. 'తకికొమి' అంటే అన్నీ కలిపి ఉడికించడం. బియ్యం మీద కూరముక్కలు, ఎండు పుట్టగొడుగులు పరిచి, అవి నానిన నీళ్ళే ఎసరుగా పోసి, కాస్త సోయా సాస్ వేసి ఒకే గిన్నెలో వండుతారు. వాళ్ళకి ఇంకో రకం ఉంది, 'మజె గోహన్' అని. అది అన్నం విడిగా వండి, తరవాత కలిపేది. మన లెక్కలో చెప్పాలంటే పులిహోర మజె గోహన్, కట్టుపొంగలి తకికొమి గోహన్. ఇంత చిన్న తేడాకి రెండు పేర్లు పెట్టుకున్నారంటే, అన్నం విషయంలో వాళ్ళూ మనంత పట్టింపు ఉన్నవాళ్ళేనని అర్థమవుతుంది.

శాకాహారులకు జపానులో ఒక చిక్కుంది. వెళ్ళినవాళ్ళకి తెలుసు. హోటల్లో "ఇందులో మాంసం ఉందా?" అని అడిగితే "లేదు" అంటారు. నిజమే చెబుతారు, అబద్ధమాడరు. కానీ చారులో, కూరలో, ఆఖరికి ఉడికించిన పాలకూర మీద కూడా చేప ఉంటుంది. కంటికి కనబడదు. కత్సువో అనే చేపను ఉడికించి, పొగబెట్టి, చెక్కముక్కలా గట్టిపడేదాకా ఎండబెట్టి, దాన్ని చిత్రిక పట్టినట్టు పల్చగా గీసి, ఆ పొరల్ని వేడినీళ్ళలో వేసి వడగడతారు. ఆ రసం పేరు 'దాషి'. మనకు తాలింపు ఎలాగో వాళ్ళకు దాషి అలాగ. మామూలుగా ఇళ్ళల్లో, హోటళ్ళలో వండే తకికొమి గోహన్‌లో కూడా పుట్టగొడుగుల నీళ్ళతో పాటు ఈ చేప దాషీ పోస్తారు. అందుకని అక్కడ అడగవలసిన ప్రశ్న "మాంసం ఉందా" అని కాదు, "దాషి దేనితో చేశారు" అని. ఈ ఒక్క ప్రశ్న తెలియక, అక్కడికి వచ్చిన మన పెద్దవాళ్ళు నెలల తరబడి ఉప్మా, పెరుగన్నాలతో కాలక్షేపం చేసి తిరిగి వెళ్ళడం నాకు తెలుసు.

మా అమ్మ కూడా ఆ దారిలోనే ఉండేది. 2011 జనవరిలో మాకు పాప పుట్టింది. పురుటికని అమ్మ అంతకుముందే వచ్చింది. అమ్మ పుట్టు శాకాహారి. ఆవిడ దృష్టిలో పుట్టగొడుగులు కూడా నీచు కిందే లెక్క. "పెంటకుప్పల మీద మొలిచేవి తింటారుటరా?" అనేది. తనతో తెచ్చుకున్న కందిపొడి, చింతపండు, ఊరగాయలే ఆవిడ ప్రపంచం.

మా పక్క ఫ్లాట్‌లో డెబ్భై అయిదేళ్ళ పెద్దావిడ ఒక్కతే ఉండేది. మేము 'ఒబాసాన్' అని పిలిచేవాళ్ళం, మన 'పిన్నిగారూ' లాగా. పాప పుట్టాక మమ్మల్ని ఏదో ఒకటి తినిపించాలని ఆవిడ తాపత్రయం. తెచ్చిన ప్రతిసారీ మేము దణ్ణం పెట్టి, ఫలానా కారణం వల్ల అమ్మ తినదు అని చెప్పడం, ఆవిడ తల వంచి గిన్నె పట్టుకుని వెళ్ళిపోవడం. మనసులో పీకుతూ ఉండేది.

అంతలో మార్చి 11 వచ్చింది. ఆ భూకంపం, సునామీ, ఫుకుషిమా అణుకేంద్రం ప్రమాదం గురించి మీకు తెలుసు. టోక్యోలో ప్రాణనష్టం పెద్దగా లేకపోయినా బతుకు తలకిందులయింది. దుకాణాల్లో బియ్యం, పాలు, రొట్టె, బ్యాటరీలు మాయమయ్యాయి. మా పేటలో చాలా కుటుంబాలు దొరికిన విమానం ఎక్కి ఇండియా వెళ్ళిపోయాయి. పాపకి ఇంకా పాస్‌పోర్టు చేతికి రాలేదు కాబట్టి మేము కదల్లేదు. మార్చి 23న ఇంకో కబురు. మా వైపు నీళ్ళొచ్చే కనమాచి నీటిశుద్ధి కేంద్రంలో రేడియోధార్మిక అయోడిన్ లీటరుకు 210 బెక్వెరెల్స్ తేలిందన్నారు. పసిపిల్లలకు హద్దు 100. కుళాయి నీళ్ళతో పిల్లలకి పాలు కలపొద్దని టీవీలో చెప్పారు. పసిబిడ్డలున్న ఇళ్ళకి ప్రభుత్వం బిడ్డకి మూడు సీసాల చొప్పున నీళ్ళు పంచింది.

ఆ మర్నాడు సాయంత్రం ఒబాసాన్ తలుపు తట్టింది. ఒక చేతిలో రెండు నీళ్ళ సీసాలు, రెండో చేతిలో ఒక కాగితం పొట్లం. సీసాలు పాపకి. పొట్లంలో ఎండు షిటాకే పుట్టగొడుగులు. ఆవిడ మొదట చేసిన పనేమిటో తెలుసా? పొట్లం తిప్పి, వెనకాల ముద్రించిన చోటు, తేదీ మాకు వేలు పెట్టి చూపించింది. పండిన చోటు ఒయితా. అది క్యూషూ దీవిలో ఉంది, ఫుకుషిమాకు దాదాపు వెయ్యి కిలోమీటర్ల అవతల. కోసింది అంతకుముందు శరదృతువులో. పసిబిడ్డ తల్లి ఉన్న ఇంటికి తిండి తెస్తున్నాను, వాళ్ళకి అనుమానం ఉండకూడదు అని ముందే ఆలోచించుకుని వచ్చింది. తరవాత ఏప్రిల్‌లో ఫుకుషిమా వైపు ఆరుబయట దుంగల మీద పెంచిన షిటాకేలని అమ్మకుండా ప్రభుత్వం ఆపింది కూడా.

అప్పుడు ఒబాసాన్ అంది: "నేను ఇన్నాళ్ళూ చూశాను. చేప వెయ్యకుండా వండుతాను. మీ వంటింట్లో, మీ గిన్నెలో, మీ అమ్మగారి ఎదురుగానే వండుతాను. ఏమేం వేస్తున్నానో ఆవిడే చూసుకుంటారు." నేను తెలుగులో చెప్పాను. అమ్మ కాసేపు పొట్లం కేసి చూసి, ఒకటి తీసి వాసన చూసి, "ఇదేదో ఇంగువలా ఉందే" అంది. కాసేపాగి, "ఎండబెట్టారు కాబోలు. ఒరుగులన్నమాట" అంది.

ఆ మాట నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మామిడి ఒరుగులు, వంకాయ ఒరుగులు, వడియాలు ఎండబెట్టిన చేతికి ఆ వస్తువు జాతి ఏమిటో చూడగానే తెలిసిపోయింది. పెంటకుప్పల అనుమానం మాత్రం నేను తీర్చాల్సి వచ్చింది. షిటాకే మొలిచేది ఓక్ జాతి చెట్ల దుంగల మీద. దుంగలకి బెజ్జాలు వేసి, బూజు విత్తనం పట్టించిన చెక్కమేకుల్ని అందులో దిగ్గొట్టి, నీడలో నిలబెడతారు. 1940ల్లో మొరి కిసాకు అనే ఆయన కనిపెట్టిన పద్ధతి. అంతకుముందు దుంగలకి గాట్లు పెట్టి, గాలిలో వచ్చే విత్తనం వాలుతుందేమోనని దేవుడి మీద భారం వేసి కూచునేవారు. దుంగల ఫొటో చూపిస్తే అమ్మ సగం మెత్తబడింది.

ఆ రోజు పుట్టగొడుగులు నానబెట్టి, మర్నాడు వండారు. వండుతున్నప్పుడు కబుర్లలో ఒబాసాన్ ఈ వంట పుట్టుక చెప్పింది. ఇప్పుడు పండగల్లో, అతిథులొస్తే చేసుకునే ఈ అన్నం ఒకప్పుడు లేమిలోంచి వచ్చింది. బియ్యం చాలక, కొర్రలో, బార్లీయో, ముల్లంగో కలిపి గిన్నె నిండినట్టు చేసేవారు. దానికి 'కతెమెషి' అని పేరు. 1944లో బాంబులకు భయపడి టోక్యో బడిపిల్లల్ని పల్లెలకు పంపేసినప్పుడు ఒబాసాన్ కూడా వెళ్ళింది. అక్కడ తిన్నది ఇదే, అన్నం మెతుకులు వెతుక్కోవాల్సి వచ్చేది అని నవ్వింది.

నేను తెలుగు చెయ్యగానే అమ్మ అందుకుంది. మాది పల్నాడు. 1967లో నాగార్జునసాగర్ కాలువ నీళ్ళొచ్చేదాకా ఆ నేలలో జొన్న, సజ్జలే తిండి. వరన్నం పండక్కీ, చుట్టాలొస్తేనూ. "జొన్నన్నం మీద నాలుగు మెతుకులు వరన్నం పెట్టి పైన కనపడేట్టు వడ్డించేది మా అమ్మ" అని చెప్పింది. అది నేను జపానులోకి మార్చి చెబితే ఒబాసాన్ చాలాసేపు తల ఊపుతూ ఉండిపోయింది. తను కన్న తల్లి గురించి మా అమ్మ నాకెప్పుడూ చెప్పని మాట అది. ఆ పొయ్యి దగ్గరే నేనూ మొదటిసారి విన్నాను.

అమ్మ ఆ రోజు అన్నం తింది. పుట్టగొడుగు ముక్కలు మాత్రం కరివేపాకులా ఏరి పళ్ళెం అంచున పెట్టింది. ఒబాసాన్ చూసీ చూడనట్టు ఊరుకుంది. మూడోసారి వండినప్పుడు అంచున ఏమీ మిగల్లేదు. బాలింతకి మాత్రం పెట్టనివ్వలేదు లెండి. మా ఆవిడ పథ్యం పూర్తయ్యేదాకా వాసన చూస్తూ కూచుంది.

చేప తీసేస్తే ఆ రుచి ఎలా వచ్చిందని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. ఇంజనీరు బుద్ధి కదా, తవ్వి చూశాను. 1908లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో ఇకెదా కికునాయె అనే రసాయన శాస్త్రవేత్త, కొంబు అనే సముద్రపు నాచు రసంలో ఉన్న రుచి తీపి, పులుపు, ఉప్పు, చేదుల్లో ఇమడదని గమనించాడు. దానికి కారణం గ్లుటమేట్ అని తేల్చి, ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. 1913లో కొదామా షింతారో ఎండు చేపలో ఉన్నది ఇనోసినేట్ అని కనుక్కున్నాడు. 1957లో కునినాకా అకిరా గ్వానిలేట్ సంగతి బయటపెట్టాడు. అది దండిగా ఉండేది ఎండు షిటాకేలో. ఇందులో కిటుకేమిటంటే, గ్లుటమేట్‌తో ఇనోసినేట్ కలిసినా, గ్వానిలేట్ కలిసినా రుచి రెండింటి మొత్తం కాదు, కొన్ని రెట్లవుతుంది. అంటే చేప చేసే పని పుట్టగొడుగు చెయ్యగలదు. నాచు, షిటాకే కలిపితే చాలు.

అయితే పచ్చి షిటాకేలో ఈ గ్వానిలేట్ కొంచెమే. ఎండినప్పుడు కణాల గోడలు చితుకుతాయి. చల్లటి నీళ్ళలో నిదానంగా నాని, తరవాత వేడెక్కేటప్పుడు 60, 70 డిగ్రీల దగ్గర ఒక ఎంజైము గ్వానిలేట్‌ని తయారుచేస్తుంది. పక్కనే ఇంకో ఎంజైము కూచుని దాన్ని విరగ్గొడుతూ ఉంటుంది. ఆ రెండోది గోరువెచ్చని నీళ్ళలో బాగా చురుకు. మా భాషలో చెప్పాలంటే ఒక ప్రోగ్రాము రాస్తుంటే ఇంకోటి చెరిపేస్తూ ఉంటుంది. చెరిపేవాడు నిద్రపోతున్నప్పుడు పని కానివ్వాలి. అందుకే షిటాకేని ఫ్రిజ్‌లో రాత్రంతా నానబెట్టమంటారు. వేడినీళ్ళు పోస్తే పావుగంటలో మెత్తబడుతుంది, కానీ రుచి తగ్గుతుంది. అమ్మ పోల్చిన ఇంగువ వాసనకీ కారణముంది. షిటాకే ఎండి నానినప్పుడు వచ్చే లెంథియోనిన్ గంధకం ఉన్న పదార్థం. ఇంగువ ఘాటుకీ గంధకమే మూలం.

చేప లేని వంట ఒబాసాన్ మా కోసం కొత్తగా పుట్టించింది కూడా కాదు. జపాను బౌద్ధమఠాల్లో వందల ఏళ్ళుగా ఉన్నదే, 'షోజిన్' వంట అంటారు. దోగెన్ అనే జెన్ గురువు 1237లో మఠంలో వంటవాడు ఎలా ఉండాలో ఒక చిన్న పుస్తకం రాశాడు, 'తెంజో క్యోకున్' అని. అందులో ఒక సంగతుంది. 1223లో ఆయన కుర్రవాడిగా చైనా వెళ్ళి, రేవులో ఇంకా ఓడలోనే ఉండగా, 61 ఏళ్ళ ముసలి భిక్షువు ఒకాయన సుమారు ఇరవై కిలోమీటర్లు నడిచి వచ్చాడు. జపాను సరుకు కొనడానికి. ఆ సరుకు పేరుకు చాలామంది చెప్పే అర్థం ఎండు షిటాకే అనే. ఆయన ఒక మఠంలో వంటశాల పెద్ద. మర్నాడు తన వాళ్ళకి మంచి భోజనం పెట్టాలని వచ్చాడు. ఈ వయసులో ధ్యానం, చదువు మానేసి వంటపనేమిటని దోగెన్ అడిగితే, ముసలాయన నవ్వి, నీకింకా సాధనంటే ఏమిటో తెలియదు అని చెప్పి, చీకటి పడకముందే తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన ఉండే కొండ పేరు అయువాంగ్. చైనా భాషలో అశోక మహారాజు కొండ అని అర్థం. మన అశోకుడే. ఆ పుస్తకంలో దోగెన్, వంటవాడికి ఉండాల్సిన మూడు మనసుల్లో ఒకటి తల్లిదండ్రుల మనసు అన్నాడు. పొట్లం తిప్పి తేదీ చూపించిన ఒబాసాన్‌కి ఉన్నది అదేనని నాకనిపిస్తుంది.

సరే, ఇక వండే విధానం. నలుగురికి చెబుతాను.

ముందు రోజు రాత్రి ఆరు ఎండు షిటాకేలు (20 గ్రాములు) కడిగి, అరలీటరు చల్లటి నీళ్ళలో, అరచేతి వెడల్పు కొంబు ముక్కతో పాటు ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున్న పుట్టగొడుగులు పిండి, గట్టి కాడలు తీసేసి, పల్చగా తరగండి. కొంబు తీసెయ్యండి. నీళ్ళు పారబొయ్యొద్దు, ప్రాణమంతా అందులోనే ఉంది. అడుగున ఇసక ఉంటుంది కాబట్టి వడగట్టండి.

బియ్యం పొట్టి గింజవి, సుషీ రైస్ అని అమ్మేవి. జపాను రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అమెరికా కప్పు 240. ఇక్కడ లెక్క తప్పితే అన్నం జావవుతుంది. ఆ చిన్న కప్పుతో రెండు, అంటే 300 గ్రాములు తీసుకుని, నీళ్ళు తేటపడేదాకా కడిగి, మంచినీళ్ళలో అరగంట నానబెట్టి వార్చండి. సోయా సాస్ నీళ్ళలో నానబెట్టకూడదు, ఉప్పుంటే గింజ నీళ్ళు సరిగా పీల్చదు. సోనా మసూరితోనూ చెయ్యొచ్చు. రుచి వస్తుంది, జిగురు రాదు.

గిన్నెలో బియ్యం వేసి, రెండు పెద్ద చెంచాల సోయా సాస్, ఒక చెంచా మిరిన్, చిటికెడు ఉప్పు వేసి, పుట్టగొడుగుల నీళ్ళు రెండో గీత దాకా పొయ్యండి. పొయ్యి మీదైతే అన్నీ కలిపి 400 మిల్లీలీటర్లకు మించొద్దు. మిరిన్‌లో ఆల్కహాలు ఉంటుంది. వద్దనుకునేవాళ్ళు అర చెంచా పంచదార వెయ్యండి. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, పడనివాళ్ళు గోధుమ లేని తమారి చూసి కొనుక్కోండి. ఒకసారి కలిపి, పైన షిటాకే, సన్నగా తరిగిన క్యారట్, వేయించిన టోఫు ముక్కలు పరవండి. టోఫు మీద ముందే వేడినీళ్ళు పోస్తే నూనె వాసన పోతుంది. ఇక కలపొద్దు. కలిపితే అడుగున మాడి పైన పలుకవుతుంది. వెంటనే వండండి. ఉడికాక మూత తియ్యకుండా పావుగంట మగ్గనిచ్చి, తడి గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పండి. అడుగున ఎర్రగా అంటుకున్న పొరకి 'ఒకోగె' అని పేరు. మన ఇళ్ళల్లోలాగే దానికోసం పిల్లలు కొట్టుకుంటారు.

ఒక్క జాగ్రత్త. షిటాకే పచ్చిగా, సగం ఉడికించి తింటే కొందరికి ఒళ్ళంతా చారలు చారలుగా దద్దుర్లు వస్తాయి. పూర్తిగా ఉడకాలి.

ముగించే ముందు ఒక మనవి. మనం ఏటా ఎన్నో విందులు చేస్తాం. పొరుగున ఉన్న అమెరికా వాళ్ళనీ, మెక్సికో, చైనా, పాకిస్తాన్ స్నేహితుల్నీ పిలుస్తాం. ప్రేమగా పెడతాం. వాళ్ళేం తింటారో, ఏది తినకూడదో పిలిచే రోజే ఎంతమందిమి అడుగుతున్నాం? నెయ్యి తినని వాళ్ళుంటారు, వేరుశనగ ప్రాణం మీదికి తెచ్చేవాళ్ళుంటారు, మాంసం హలాల్ అయితేనే ముట్టేవాళ్ళుంటారు. "కొంచెం తింటే ఏం కాదు లెండి" అనే మాట మనకి మర్యాదలా వినిపిస్తుంది. అవతలివాడు ఆ పూట పస్తుంటాడు. గిన్నె పక్కన ఏమేం వేశామో ఒక చీటీ రాసి పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఒబాసాన్ మా అమ్మ నియమాన్ని సడలించమని ఒక్కసారి కూడా అడగలేదు. తన వంటలోంచే చేప తీసేసింది. రుచి తగ్గలేదని ఇందాక లెక్కలతో సహా చెప్పాను.

భోజనాల గంట కొట్టేలా ఉన్నారు. చేసి చూడాలనుకునేవాళ్ళు రేపు ఇంటికి వెళ్ళే దారిలో ఏషియన్ గ్రోసరీలో ఆగి షిటాకే కొనుక్కుని, రాత్రికి నానబెట్టండి. వండాక మొదటి గిన్నె పక్కింటికి పంపండి. పంపేముందు, వాళ్ళు తింటారో లేదో అడగండి.

సెలవు.